పినియన్ ముక్కు ఎటు చూడాలి: వెనుక యాక్సిల్‌కు కమాన్ సీట్లు మళ్లీ వెల్డింగ్ చేసిన ఒక కేసు

కైకలూరు ప్రాంతం నుంచి చేపలు, రొయ్యలు రవాణా చేసే ఒక పికప్ బండి విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు వచ్చింది. ఐసు పెట్టెల నుంచి కారే నీరు ఏళ్ల తరబడి యాక్సిల్ మీద పడటం వల్ల దాని పాత హౌసింగ్ (యాక్సిల్ షాఫ్టులనూ డిఫరెన్షియల్‌నూ కప్పే ఉక్కు తొడుగు) తుప్పు పట్టి, కమాన్ కట్టలు (బండి బరువు మోసే పట్టీల స్ప్రింగులు) కూర్చునే సీట్ల దగ్గర పెచ్చులుగా ఊడిపోయింది. యజమాని మరొక చోట అదే రకం పళ్ల నిష్పత్తి ఉన్న సెకండ్ హ్యాండ్ హౌసింగ్ కొని వేయించుకున్నారు. ఆ హౌసింగ్ సీట్ల మధ్య దూరం ఈ చాసిస్‌కు సరిపోకపోవడంతో అక్కడి వెల్డర్ పాత సీట్లు కోసేసి, కొత్తవి తయారు చేసి అతికించారు. అప్పటి నుంచి బండి గంటకు 50 కిలోమీటర్లు దాటితే అడుగు భాగం అంతా గుయ్యిమని అదరసాగింది. వెనుక క్రాస్ (గేర్‌బాక్స్ నుంచి యాక్సిల్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను వంపులో కూడా తిరగనిచ్చే కీలు) రెండుసార్లు పాడైంది, ఆ షాఫ్ట్‌ను మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు చీలిపోయింది. మా దగ్గరికి రాకముందే నాలుగు చక్రాలకూ బ్యాలెన్సింగ్ చేయించారు, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను లేత్ మీద తిప్పి బ్యాలెన్స్ చేయించారు. అయినా తేడా రాలేదు.

యజమాని చెప్పిన ఒక్క మాట ఈ కేసులో సగం పని చేసింది. "బరువుతో వెళ్లేటప్పుడు పర్వాలేదు మేస్త్రిగారూ, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడే ఎక్కువ. అందులోనూ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే మరీ ఎక్కువ." చక్రాల బ్యాలెన్స్ లోపానికి కాలు తీయడంతో సంబంధం లేదు. షాఫ్ట్ బ్యాలెన్స్ లోపం కూడా వేగాన్ని బట్టి వస్తుందే తప్ప, ఇంజిన్ లాగుతోందా లేదా అన్నదాన్ని బట్టి ఇంతగా మారదు. లాగుడును బట్టీ, బండి ఎత్తును బట్టీ మారే అదురు క్రాస్‌ల వంపుకు సంబంధించినదై ఉండాలి. కాలు తీసినప్పుడు పెరుగుతోందంటే పినియన్ (షాఫ్ట్ తిప్పే చిన్న పళ్ల చక్రం) ముక్కు, అంటే హౌసింగ్ నుంచి షాఫ్ట్ వైపు పొడుచుకొచ్చిన భాగం, ఉండవలసిన దానికన్నా కిందికి వంగి ఉందని మొదటి అనుమానం. కారణం ఏమిటంటే, ఇంజిన్ లాగేటప్పుడు పినియన్ క్రౌన్ (చక్రాలను తిప్పే పెద్ద పళ్ల చక్రం) మీదికి ఎక్కడానికి ప్రయత్నిస్తుంది, ఆ ఎదురు బలానికి హౌసింగ్ మొత్తం తిరిగి ముక్కు పైకి లేస్తుంది, కాలు తీస్తే మళ్లీ కిందికి దిగుతుంది. ముక్కు మొదటే పైకి ఎక్కువగా ఉన్న బండిలో ఇదే లక్షణం తిరగబడి, లాగేటప్పుడు అదురు పెరుగుతుంది. ఈ తేడాను యజమానిని అడిగి తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు, అందుకే కొలతలకన్నా ముందు నేను అదే అడుగుతాను.

కోణం ఎందుకు ముఖ్యమో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఒక క్రాస్ వంపుతో తిరుగుతున్నప్పుడు, ముందు వైపు యోక్ (క్రాస్‌ను పట్టుకునే పంగ) ఒకే వేగంతో తిరిగినా వెనుక వైపు యోక్ ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచుకుని, రెండుసార్లు తగ్గించుకుంటుంది. వంపు 10 డిగ్రీలు ఉంటే ఆ హెచ్చుతగ్గులు ఒక్కో వైపు సుమారు 1.5 శాతం. అంటే ముందు భాగం నిమిషానికి 2000 చుట్లు నిలకడగా తిరుగుతుంటే, వెనుక భాగం ప్రతి చుట్టులో 1970కీ 2030కీ మధ్య ఊగుతుంది. ఈ బండి టైరు సైజు, పళ్ల నిష్పత్తి లెక్కన గంటకు 60 కిలోమీటర్ల వేగంలో షాఫ్ట్ తిరిగేది దాదాపు ఆ 2000 చుట్లే, అంటే నిమిషానికి 4000 కుదుపులు. షాఫ్ట్‌కు రెండో చివర ఉన్న క్రాస్ అదే వంపుతో, ఒకే వరుసలో ఉన్న యోక్‌లతో తిరిగితే మొదటి క్రాస్ పెట్టిన హెచ్చుతగ్గును పూర్తిగా తుడిచేస్తుంది. రెండు వంపులూ సమానం కాకపోతే మిగిలిన తేడా పినియన్ మీద, గేర్‌బాక్స్ మీద, సెంటర్ బేరింగ్ మీద పడుతుంది. ఆ మిగులును ఒకే క్రాస్ వంపుగా లెక్కకట్టే సూత్రం తేలికైనదే: పెద్ద వంపు వర్గం నుంచి చిన్న వంపు వర్గం తీసివేసి, వచ్చినదానికి వర్గమూలం కట్టాలి. జవాబు 3 డిగ్రీలలోపు ఉంటే సాధారణంగా బండి ప్రశాంతంగా నడుస్తుంది.

పొడవైన పికప్ కాబట్టి ఇందులో షాఫ్ట్ రెండు ముక్కలు, మధ్యలో సెంటర్ బేరింగ్, మొత్తం మూడు క్రాస్‌లు. చాలామంది తికమక పడేది ఇక్కడే. పినియన్‌ను గేర్‌బాక్స్‌కు సమాంతరంగా పెట్టాలనే నియమం ఒకే ముక్క షాఫ్ట్ ఉన్న బండికి వర్తిస్తుంది. రెండు ముక్కల షాఫ్ట్‌లో వెనుక ముక్కకు ఉన్న రెండు క్రాస్‌లూ ఒకదానినొకటి సరిచేసుకోవాలి కాబట్టి, పినియన్ సమాంతరంగా ఉండవలసింది ముందు ముక్కకు. గేర్‌బాక్స్ దగ్గర ఉన్న మొదటి క్రాస్‌కు జోడీ లేదు. అందుకే దాని వంపు ఒక డిగ్రీ, మహా అయితే ఒకటిన్నర దాటకూడదు. అలాగని పూర్తిగా సున్నా కూడా పనికిరాదు, అర డిగ్రీ అయినా ఉంటేనే సూదుల బేరింగ్‌లోని సూదులు దొర్లుతాయి, లేకపోతే ఒకే చోట కొట్టుకుని గాట్లు పెడతాయి.

కొలతలకు ముందు బండిని సిమెంటు నేల మీద నిలిపి, టైర్ల గాలి సరిచూసి, రోజూ వేసే బరువుకు దగ్గరగా ఇసుక బస్తాలు వేశాము. యాక్సిల్ జాకీ మీద వేలాడుతూ ఉండగా తీసిన కోణానికి విలువ లేదు, చక్రాల మీద బరువు ఉన్నప్పుడే కమాన్ కట్ట తన అసలు స్థితిలోకి వస్తుంది. అయస్కాంతం ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్‌ను ముందు చాసిస్ మీద పెట్టి దాన్నే సున్నాగా తీసుకున్నాము, నేల వాలు లెక్కలోకి రాకుండా ఉండాలంటే ఇదే మార్గం. సెల్‌ఫోన్ యాప్‌తో ఈ పని చేయడం నాకు ఇష్టం లేదు. ఫోను వెనుక కెమెరా ఉబ్బు ఒక్కటి చాలు, అర డిగ్రీ తేడా రావడానికి.

బరువుతో వచ్చిన లెక్కలు ఇవి. గేర్‌బాక్స్ వెనక్కి 4.0 డిగ్రీల వాలు, షాఫ్ట్ ముందు ముక్క 4.5, వెనుక ముక్క 7.5. అంటే మొదటి క్రాస్ వంపు అర డిగ్రీ, సెంటర్ బేరింగ్ వెనుక క్రాస్ వంపు 3.0, రెండూ బాగానే ఉన్నాయి. పినియన్ మాత్రం ముక్కు పైకి 0.2 డిగ్రీలు మాత్రమే ఉంది, దాదాపు చాసిస్‌కు సమాంతరం. దాంతో పినియన్ దగ్గర క్రాస్ వంపు 7.3 అయింది. సూత్రం ప్రకారం మిగులు 6.7 డిగ్రీలు. బస్తాలు దించాక వెనుక ముక్క వాలు 10.0కు పెరిగింది, పినియన్ ముక్కు 0.4 డిగ్రీలు కిందికి చూసింది, మిగులు 8.8కు చేరింది. ఖాళీ బండిలో అదురు ఎందుకు ఎక్కువో దీంతో తేలిపోయింది.

ఊడదీసిన వెనుక క్రాస్‌ను గుడ్డతో తుడిచి ఎండలో పెట్టి చూస్తే, నాలుగు కాళ్ల మీదా సూదులు ఆనిన చోట సన్నటి గీతలు సమాన దూరంలో అచ్చు వేసినట్టు కనిపించాయి, గోరు పెట్టి లాగితే ఒక్కొక్క గీత దగ్గరా ఆగుతోంది. సెంటర్ బేరింగ్ దగ్గరి క్రాస్ మీద అలాంటివేవీ లేవు. ఒకే షాఫ్ట్ రెండు చివర్లలో ఒక క్రాస్ ఇలా, మరొకటి అలా ఉండటం కూడా వంపులు సమానంగా లేవనడానికి సాక్ష్యమే.

ముందు పని చేసిన వెల్డర్ చేతి పనిలో లోపం లేదని ఇక్కడ తప్పక చెప్పాలి. వెల్డింగ్ గట్టిగా, శుభ్రంగా ఉంది. ఆయన హౌసింగ్‌ను బల్ల మీద పెట్టి, పినియన్ ఫ్లాంజ్‌కు (షాఫ్ట్ బిగించే పళ్లెం) మట్టం చూసి, సీట్లను నేలకు సమాంతరంగా అతికించారు. బల్ల మీద అది నూటికి నూరు పాళ్లు సరైనదే. కానీ బండి కింద కమాన్ కట్ట కూర్చునే చోటు నేలకు సమాంతరంగా ఉండాలనే నియమం ఏదీ లేదు. కట్ట చాసిస్‌కు తగిలే ముందు కన్ను, వెనుక షాకిల్ (కట్ట చివరను ఊగనిచ్చే లింకు) ఎత్తులను బట్టి అది ఎటో ఒక వైపు వాలుతుంది, గేర్‌బాక్స్ కూడా వాలి ఉంటుంది. ఈ కోణాన్ని బల్ల మీద నిర్ణయించడం సాధ్యం కాదు. బండి కిందే, బరువు పడిన స్థితిలోనే నిర్ణయించాలి.

సీటుకూ కమాన్ కట్టకూ మధ్య టేపర్ పలక (ఒక అంచు మందంగా, మరో అంచు పలుచగా ఉండేది) పెట్టి ముక్కును పైకి ఎత్తవచ్చు కదా అని యజమాని అడిగారు. రెండు డిగ్రీలలోపు తేడా అయితే ఉక్కు పలకతో నేను కూడా అదే చేసేవాణ్ణి. అల్యూమినియం పలకలు బరువు బండిలో నలిగిపోయి, కట్టను యాక్సిల్‌కు బిగించే యు-బోల్టులు వదులవుతాయి, వాటిని వాడకూడదు. ఇక్కడ కావలసిన మార్పు మూడు డిగ్రీలకు మించి ఉంది. పైగా కొలిచి చూస్తే రెండు సీట్ల మధ్య కూడా ముప్పావు డిగ్రీ తేడా ఉంది, అంటే ఎడమ కట్టా కుడి కట్టా ఒకదానినొకటి మెలితిప్పుకుంటున్నాయి. దానికి పలక మందు కాదు. సీట్లు తీసి మళ్లీ వేయడమే దారి అని ఒప్పించాము.

ముక్కును ఎంత కోణంలో పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. ముందు ముక్కకు సమాంతరం అంటే ముక్కు పైకి 4.5 డిగ్రీలు. కానీ ఇంజిన్ లాగేటప్పుడు ముక్కు ఇంకా పైకి లేస్తుంది కాబట్టి, నిలబడి ఉన్న బండిలో దాన్ని కొంత తక్కువగా పెట్టాలి. కమాన్ కట్టల బండికి ఒకటి నుంచి మూడు డిగ్రీల వరకు తగ్గించడం వాడుకలో ఉంది. ఎంత తగ్గించాలన్నది కట్టల బిగువును బట్టి ఉంటుంది, తేలిక జీపుకూ పది పట్టీల గూడ్స్ బండికీ ఒకే అంకె వాడటం సరికాదు. మేము దాన్ని కొలిచే చూశాము. వెనుక చక్రాల ముందు బలమైన చెక్క దిమ్మెలు అడ్డం పెట్టి, హౌసింగ్ మీద గేజ్ ఉంచి, మొదటి గేరులో క్లచ్‌ను మెల్లగా వదిలి, ఇంజిన్ ఆగిపోయే అంచున ఎంత తిరుగుతుందో గమనించాము. ఈ పరీక్షలో బ్రేకు వేసి ఉంచకూడదు. బ్రేకు షూలు హౌసింగ్‌కు బిగించిన ప్లేటు మీదే ఉంటాయి కాబట్టి, బ్రేకుతో చక్రాన్ని ఆపితే రెండు ఎదురు బలాలూ హౌసింగ్ లోపలే కొట్టివేసుకుని గేజ్ కదలనే కదలదు. బండికి ముందు ఎవరూ నిలబడకూడదన్నది చెప్పనక్కర లేదు. ఈ కట్టల మీద వచ్చిన తిరుగుడు 1.2 డిగ్రీలు. మొదటి గేరు లాగుడు అన్నిటికన్నా ఎక్కువ, రోడ్డు మీద అంత రాదు. అందువల్ల ఒక డిగ్రీ తగ్గించి, బరువుతో 3.5 డిగ్రీలు లక్ష్యంగా పెట్టుకున్నాము.

హౌసింగ్‌ను దించి, ఆయిల్ తీసి, యాక్సిల్ షాఫ్టులు, చివరి బేరింగులు, సీళ్లు, బ్రేకు షూలు, బ్రేకు పైపు అన్నీ విప్పాము. బ్రీదర్ రంధ్రం తెరిచి ఉంచాలి, మూసి ఉంటే లోపల మిగిలిన ఆయిల్ ఆవిరి వేడికి ఒత్తిడి పెంచుతుంది. పాత వెల్డింగ్‌ను గ్యాస్‌తో కోయలేదు. గ్రైండర్‌తో సీటు వైపు నుంచే అరగదీసుకుంటూ వచ్చి, చివరి పలుచటి పొరను ఫ్లాప్ డిస్క్‌తో తీశాము, హౌసింగ్ ట్యూబు ఎక్కడా పలుచబడకుండా ఉండటానికి. ఆ తరువాత రంగు ద్రవంతో చీలికల పరీక్ష చేసి, ఏమీ లేవని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లాము. చీలిక కనిపించి ఉంటే ఆ హౌసింగ్‌ను పక్కన పెట్టేవాళ్లం.

కొత్త సీట్లను ట్యూబు వ్యాసానికి సరిగ్గా ఆనేలా బోరు చేయించి, వాటికీ ట్యూబుకూ మధ్య సందు ఒక మిల్లీమీటరు దాటకుండా చూశాము. సందు ఎక్కువైతే వెల్డింగ్ ఆరేటప్పుడు సీటును అటే లాక్కుంటుంది, పెట్టిన కోణం పోతుంది. సీట్లను వెల్డింగ్ లేకుండా ట్యూబు మీద వదులుగా ఉంచి, హౌసింగ్‌ను మళ్లీ బండి కిందికి ఎక్కించి, సెంటర్ బోల్టులు రంధ్రాల్లో కూర్చోబెట్టి, యు-బోల్టులను చేతి బిగువుకు బిగించి, చక్రాలు వేసి, బండిని బస్తాల బరువుతో నేల మీదికి దించాము. రెండు వైపులా ముందు, వెనుక చక్రాల మధ్య దూరాన్ని, చాసిస్ మీద కర్ణాలను కొలిచి హౌసింగ్ చాసిస్‌కు సరిగ్గా లంబంగా ఉందని చూసుకున్నాము. బండిని కొంచెం ముందుకూ వెనక్కూ దొర్లించి, వెనుక భాగాన్ని నొక్కి వదిలితే షాకిళ్లు తమ చోట సర్దుకుంటాయి. ఆ తరువాతే ముక్కు కింద చిన్న జాకీ పెట్టి, గేజ్ 3.5 చూపే వరకు మెల్లగా లేపాము.

ట్యాక్ (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డింగ్ చుక్క) వేసే ముందు బ్యాటరీ వైర్లు తీసేసి, ఎర్త్ క్లాంపును ట్యూబు మీదే, సీటు పక్కనే పెట్టాము. క్లాంపును చాసిస్‌కో పినియన్ ఫ్లాంజ్‌కో తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి, గుండ్ల మీదా రోలర్ల మీదా చిన్న గుంటలు పెడుతుంది. కొన్ని నెలల తరువాత డిఫరెన్షియల్ అరుస్తుంది, ఎందుకు అరుస్తోందో అప్పుడు ఎవరికీ తట్టదు. ఎడమ సీటుకు మొదటి ట్యాక్ పడగానే గేజ్ మీద అంకె 3.5 నుంచి 3.8కి మారింది. ఎదురు వైపు ట్యాక్ వేశాక 3.6కు వచ్చి నిలిచింది. ఒకే వైపు వరుసగా ట్యాకులు వేసి ఉంటే ఆ మూడు పదో వంతులు అలాగే పెరిగి డిగ్రీకి చేరేవి. ప్రతి ట్యాక్ తరువాత గేజ్ చూడటం, అంకె కదిలిన దిశకు ఎదురుగా తరువాతి ట్యాక్ వేయడం, ఈ పనిలో అన్నిటికన్నా ఓపికగా చేయవలసిన భాగం అదే. రెండు సీట్ల మీద నిటారైన ఉక్కు కడ్డీని అడ్డంగా పెట్టి, రెండూ ఒకే తలంలో ఉన్నాయని చూసుకుని హౌసింగ్‌ను దించాము.

పూర్తి వెల్డింగ్ బల్ల మీద జరిగింది. ఓవెన్‌లో ఆరబెట్టిన 7018 రకం 3.15 మిల్లీమీటర్ల రాడ్లు వాడాము, ట్యూబును తేమ పోయే మేరకు వేడి చేశాము. యాక్సిల్ రెండు చివర్ల చక్రాల మీద నిలిచి, మధ్యలో కట్టల ద్వారా బరువు మోసే దూలం కాబట్టి, ట్యూబు అడుగు భాగం ఎప్పుడూ సాగదీసే బలం కింద ఉంటుంది. ఈ బండిలో కట్టలు యాక్సిల్ పైన ఉంటాయి, సీటు కూడా పై భాగంలోనే వస్తుంది, అది కొంత అదృష్టం. అయినా ట్యూబు చుట్టూ అడ్డంగా వెల్డింగ్ తిప్పలేదు. ట్యూబు పొడవునా సీటు రెండు అంచుల వెంబడి మాత్రమే వేసి, సీటు చివరకు 10 మిల్లీమీటర్ల ముందే, వెల్డింగ్ ఆగే చోట పడే గుంట నింపి ఆపాము. అడ్డంగా తిరిగిన వెల్డింగ్ అంచు దగ్గరే ట్యూబులు చీలడం ఆటోనగర్‌లో ఎవరినడిగినా చెబుతారు. 40 మిల్లీమీటర్ల ముక్కలుగా, ఎడమ సీటు ముందు అంచు, కుడి సీటు వెనుక అంచు, ఇలా మార్చుకుంటూ, చేయి ఆనించగలిగేంత చల్లారాక తరువాతి ముక్క వేశాము. పై భాగంలో వేసిన వెల్డింగ్ ఆరేటప్పుడు ట్యూబు చివర్లను పైకి లాగుతుంది. దాన్ని పసిగట్టడానికి హౌసింగ్ లోపల నిడుపాటి అలైన్‌మెంట్ కడ్డీ ఉంచి మధ్యమధ్య తిప్పి చూశాము, చివరన వంపు అర మిల్లీమీటరు లోపే ఉంది. చల్లార్చడానికి నీళ్లు, తడి గుడ్డ, గాలి గొట్టం ఏవీ వాడలేదు.

తిరిగి బిగించేటప్పుడు రెండు క్రాస్‌లు, సెంటర్ బేరింగ్, యు-బోల్టులు, నట్లు కొత్తవి వేశాము. షాఫ్ట్ స్లిప్ జాయింట్ (షాఫ్ట్ పొడవు సర్దుకునేలా లోపలికీ బయటికీ జారే పళ్ల అతుకు) మీద ఉన్న బాణం గుర్తులు ఎదురెదురుగా ఉన్నాయని చూసుకున్నాము. ఒక్క పన్ను పక్కకు జరిగినా యోక్‌ల వరుస తప్పి, సరిచేసిన కోణం పనికిరాకుండా పోతుంది. ముక్కు లేచింది కాబట్టి స్లిప్ జాయింట్ లోపలికి ఎంత జారిందో, ఇంకా ఎంత ఆట మిగిలిందో కూడా కొలిచాము.

బరువుతో పినియన్ 3.6 డిగ్రీల దగ్గర నిలిచింది. పినియన్ క్రాస్ వంపు 3.9, సెంటర్ క్రాస్ వంపు 3.0, మిగులు 2.5. ఖాళీగా ముక్కు 3.0కు దిగింది, వంపులు 7.0, 5.5 అయ్యాయి. నిలబడి ఉండగా మిగులు 4.3 కనిపించినా, నడకలో ముక్కు ఒక డిగ్రీ లేచేసరికి అది 2.4కు తగ్గుతుంది. ఖాళీగా కాలు తీసినప్పుడు మాత్రం కొంత మిగులు ఉంటుంది. బరువుకూ ఖాళీకీ మధ్య ఇంత ఎత్తు తేడా ఉన్న బండిలో రెండు స్థితుల్లోనూ సున్నా తేవడం కుదరదు, బండి ఎక్కువ సేపు ఏ స్థితిలో పరుగెడుతుందో దానికే ప్రాధాన్యం ఇవ్వాలి. ఈ మాట యజమానికి ముందే చెప్పాము. బందరు రోడ్డు మీద కంకిపాడు దాకా ఖాళీగానూ, బరువుతోనూ నడిపి చూశాము. 50 నుంచి 80 వరకు ఎక్కడా అదురు లేదు, ఖాళీగా 70 దగ్గర కాలు తీస్తే గేరు రాడ్ మీద చేయి పెట్టినప్పుడు మాత్రమే తెలిసే చిన్న జలదరింపు ఉంది.

సుమారు 500 కిలోమీటర్లు తిరిగాక యు-బోల్టులు మళ్లీ బిగించడానికి బండి వచ్చినప్పుడు, నట్లు ఒక్కొక్కటి పావు చుట్టు దాకా తిరిగాయి, కొత్త సీటు మీద కట్ట కూర్చున్నప్పుడు అది మామూలే. పినియన్ కోణం 3.6 దగ్గరే ఉంది. తరువాత ఒక వర్షాకాలం గడిచి గ్రీజు పెట్టించడానికి వచ్చినప్పుడు వెనుక క్రాస్‌ను చేత్తో తిప్పి చూశాము, ఆట లేదు. సీట్ల అంచుల్లో రంగు పొట్టు లేచిన చోట తుప్పు మొదలైంది. ఐసు నీరు కారే గొట్టాన్ని యాక్సిల్ వెనక్కి మళ్లించి, సీట్ల చుట్టూ తీగ బ్రష్‌తో గీకి, మళ్లీ ప్రైమర్ వేయించి పంపాము.